గుడారానికి తలుపుంటేగా సార్, నోటీసు అంటించడానికి!

జిల్లా ఎన్నికల అధికారి గారికి,

నమస్కారం సార్. ప్రజావాణిలో ఇచ్చిన మూడు అర్జీల రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అర్జీలు మీ దగ్గర ఉన్నాయో లేదో తెలియక ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మేం గంగిరెద్దులవాళ్లం. ఊరి చివర, చెరువు కట్ట పక్కన పద్నాలుగు గుడారాలు. పోయిన ఎన్నికల్లో అమ్మానాన్న ఓటేశారు. ఇప్పుడు జాబితాలో లేరు. ‘ఊరొదిలి శాశ్వతంగా వెళ్లిపోయారు’ అని రాసి ఉందట. సంక్రాంతికి ఎద్దును తోలుకుని నెలన్నర ఊళ్లు తిరగడం మా తాతల నాటి నుంచీ ఉన్నదే కదా! తీసేసే ముందు నోటీసు ఇచ్చామన్నారు. ఎక్కడ అంటించారు సార్?

సరే, ఓటరుగా పేరు చేర్చమని మళ్లీ ఫారం 6 పెట్టాం. తమ్ముడికి పద్దెనిమిది నిండాయి, వాడిదీ కలిపి. అడ్రస్ ప్రూఫ్ లేదని తిప్పి పంపారు. ఇంటి పట్టా ఇవ్వనిదీ సర్కారే, కరెంటు బిల్లు తెమ్మనేదీ సర్కారే. ఇల్లు లేనివాళ్లకు రుజువు కాగితం అక్కర్లేదు, బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట వచ్చి అక్కడే పడుకుంటున్నారో లేదో చూస్తే చాలని ఎన్నికల సంఘం సూచనల్లోనే ఉంది. ఈ మాట మీకు నేను చెప్పాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది.

బీఎల్వో రాలేదని అనను. వచ్చారు, పగలు పదకొండింటికి! నాన్న ఎద్దుతో పోయాడు, అమ్మ వెంట్రుకలకు గిన్నెలిచ్చే బేరానికి పోయింది. ‘ఎవరూ లేరు’ అని రాసుకుని వెళ్లారట. మా నానమ్మ మంచంలోనే ఉంది సార్, చెవులు వినబడవంతే. ఎనభై ఐదు దాటినవాళ్లకు ఇంటికే వచ్చి ఓటు వేయిస్తారని పేపర్లో ఫొటోలు చూశాం. ముందు జాబితాలో పేరుంటే కదా.

ఆ బీఎల్వో మేడంను అనడం లేదు. అంగన్‌వాడీ పనీ ఇదీ రెండూ ఆమె నెత్తినే ఉన్నాయి. చీకట్లో ఒంటరిగా చెరువు కట్టకు ఎలా వస్తుంది? తోడు మనిషిని పంపాల్సింది ఎవరు?

వలస వెళ్లినవాళ్లు ఉన్నచోటి నుంచే ఓటేసేలా, ఒక్కటే 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకునే మిషన్ చూపిస్తామని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలను ఢిల్లీకి పిలిచింది. అది ఎప్పుడొస్తుందో గానీ, మాకైతే ఒక టార్చిలైటు పట్టుకుని ఎవరైనా వస్తే చాలు.

రాత్రి ఎనిమిది తర్వాత ఎప్పుడొచ్చినా అందరం ఉంటాం. జనవరి 25న ఓటర్ల దినమని కాలేజీలో తమ్ముడి చేత ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆలోపే, సంక్రాంతికి మేం కదలకముందే రండి సార్. మళ్లీ ‘శాశ్వతంగా వెళ్లిపోయారు’ అని మాత్రం రాయకండి.

ఇట్లు,
చెరువు కట్ట గుడారాల నుంచి ఒక ఆడపిల్ల