ఫ్లెక్సీని తెచ్చి వెబ్‌సైట్‌లో పెడితే గిరాకీ రాదు

సంపాదకులకు నమస్కారం.

పండగ సీజన్ వస్తుందంటే చాలు, మన ఊళ్లలో బట్టల కొట్లు, నగల దుకాణాలు, ఫంక్షన్ హాళ్లు, కోచింగ్ సెంటర్లు వెబ్‌సైట్ల మీదా ఫేస్‌బుక్ ప్రకటనల మీదా వేలకు వేలు ఖర్చుపెడుతున్నాయి. చూడముచ్చటైన సైటే చేతికొస్తోంది. తీరా ఎవరైనా ఫోన్‌లో తెలుగులో టైప్ చేసి వెతికితే ఆ దుకాణం కనిపించదు. ఇందుకు చాలా కారణాలున్నా పెద్దది ఒకటుంది. ఆ సైట్‌లో తెలుగంతా బొమ్మల్లోనే ఉంటోంది.

కరపత్రానికో ఫ్లెక్సీకో డీటీపీ సెంటర్‌లో 'అను' అనే పాత తరహా ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్ ఎలాగూ ఉంటుంది. దాన్నే జేపీజీ చేసి సైట్‌లో అతికించేస్తారు. ఆ పాత ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే ప్రామాణిక పద్ధతి) కావు. తెర మీద మనకు 'క' కనిపిస్తున్నా, ఫైల్ లోపల ఉండేది ఏదో ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే గందరగోళంగా కనిపిస్తుంది కాబట్టి డిజైనర్ తేలిక దారిలో బొమ్మగా మార్చేస్తాడు. ముఖ్యమైన మాటలను బొమ్మల్లో పెట్టవద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెబుతోంది. అది ఎవరూ చదవరు. బొమ్మలో ఉన్న ఫోన్ నంబర్‌ను నొక్కితే కాల్ వెళ్లదు. చిరునామాను కాపీ చేసి మ్యాప్‌లో వేసుకోలేరు. చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించలేదు. రేటు మారితే మళ్లీ డీటీపీ సెంటర్‌కే పరుగెత్తాలి.

యజమాని దీన్ని అర నిమిషంలో తేల్చుకోవచ్చు. సైట్‌లోని తెలుగు వాక్యం మీద వేలు నొక్కిపట్టాలి. అక్షరాలు సెలెక్ట్ కాకపోతే అది బొమ్మ. సెలెక్ట్ అయితే కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయాలి. తెలుగుగానే వస్తే యూనికోడ్, పిచ్చి గుర్తులు వస్తే పాత ఫాంట్. పాత మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మకూడదు. వత్తులు జారిపోతాయి. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలను కూడా కన్వర్టర్ పాత తెలుగు గుర్తులే అనుకుని మార్చేస్తుంది. ఒక్కోసారి అంకెలకూ అదే గతి. కాబట్టి ఫోన్ నంబర్లు, జీఎస్టీ నంబర్, రేట్లు చేత్తో మళ్లీ కొట్టి సరిచూసుకోవాలి. నాలుగైదు పేజీల సైటైతే మొత్తం కొత్తగా టైప్ చేయించుకోవడమే మేలు.

ఫాంట్ల కొరత ఇప్పుడు లేదు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సురవరం వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. చదివే పాఠానికి మండలి గానీ నోటో గానీ బాగుంటుంది. రామభద్ర బాగా లావు కాబట్టి శీర్షికలకే ఉంచాలి. అసలు తప్పు జరిగేది కొలతల దగ్గర. ఇంగ్లిష్ కోసం తయారైన సైట్ నమూనాలో (టెంప్లేట్) తెలుగు పోస్తే 'వస్త్రాలయం' అన్న మాటలో స కింద ఉన్న త వత్తు, ర వత్తు బటన్ అంచు దగ్గర తెగిపోతాయి. వరుసల ఎత్తు (లైన్ హైట్) 1.7 దాకా పెంచాలి, బటన్‌కు ఎత్తు బిగించకుండా లోపలి ఖాళీతో సరిపెట్టాలి, అక్షరాల మధ్య అదనపు ఖాళీ (లెటర్ స్పేసింగ్) సున్నా చేయాలి. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ప్రకటించాలి. అది ఇంగ్లిష్ అనే ఉండిపోతే తెలుగు పేజీని కూడా అనువదించమంటారా అని బ్రౌజర్ అడగవచ్చు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. దుకాణం పేరు, ఊరు, అమ్మే సరుకు మాత్రం తెలుగుతో పాటు ఇంగ్లిష్‌లోనూ రాయాలి. మనవాళ్లు రెండు రకాలుగానూ వెతుకుతారు.

ఎస్ఎంఎస్ ప్రచారం చేసేవారికి ఇదే విషయం ఇంకోలా తగులుతుంది. ఇంగ్లిష్‌లో ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే. ఆ 70 కూడా మనం పలికే అక్షరాలు కావు, యూనికోడ్ గుర్తులు. 'లక్ష్మి' మన లెక్కలో రెండక్షరాలు, ఎస్ఎంఎస్ లెక్కలో ఏడు. 'శ్రీ లక్ష్మి వస్త్రాలయం' అని పేరు రాసేసరికే ఖాళీలతో కలిపి 23 అయిపోతాయి. 70 దాటితే సందేశం ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున లెక్కగట్టి ఒక్కో ముక్కకూ డబ్బు తీసుకుంటారు. పంపబోయే సందేశం నమూనాను (టెంప్లేట్) రిజిస్టర్ చేయించేముందే ఈ లెక్క చూసుకోవాలి.

ఇక పేజీ బరువు సంగతి. ఫోన్‌తో తీసిన ఫొటో 4 ఎంబీ ఉంటుంది. అలాంటివి ఐదు పెట్టి పైన స్లైడర్ (ఒకదాని తర్వాత ఒకటి మారే ఫొటోల వరుస) తిప్పితే మొదటి తెరకే 20 ఎంబీ. సిగ్నల్ సరిగా లేని చోట కస్టమర్ ఆగడు, వెనక్కి వెళ్లిపోతాడు. ఫొటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో దాస్తే చాలావరకు 150 కేబీ లోపు వస్తుంది, కంటికి తేడా తెలియదు. స్లైడర్ తీసేసి ఒక్క మంచి ఫొటో పెట్టమని గట్టిగా చెబుతాను. గూగుల్ కొలమానం ప్రకారం పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలి, తెరుచుకునేటప్పుడు పేజీలోని భాగాలు అటూ ఇటూ గెంతడాన్ని కొలిచే స్కోరు 0.1 దాటకూడదు.  పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ పరీక్షా సైట్‌లో మీ సైట్ చిరునామా వేస్తే ఉచితంగా తెలుస్తుంది. బిల్లులో ఆఖరి వాయిదా చెల్లించేముందు మొబైల్ ట్యాబ్‌లో చూపించమని అడగండి.

వ్యాపారులు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయేది పేరు దగ్గర. డొమైన్‌ను (సైట్ చిరునామా పేరును) సైట్ కట్టినవారు తమ ఖాతాలో, తమ ఈమెయిల్‌తో కొంటారు. రేపు మాటా మాటా పెరిగినా, వాళ్లు దుకాణం ఎత్తేసినా, రెన్యువల్ మరిచిపోయినా సైటూ పోతుంది, ఆ పేరు మీదున్న ఈమెయిళ్లూ పోతాయి. డొమైన్ ఖాతా యజమాని ఈమెయిల్, ఫోన్ నంబర్ల మీదే ఉండాలి, ఆటో రెన్యువల్ ఆన్ చేసి ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో (వెతుకులాటలో, మ్యాప్‌లో కనిపించే దుకాణం వివరాల పేజీ) యజమాని 'ప్రైమరీ ఓనర్'గా ఉండి ఏజెన్సీని 'మేనేజర్'గా మాత్రమే చేర్చుకోవాలి. సొంత డొమైన్ కాకుండా ఇంకొకరిచ్చిన అద్దె చిరునామా ఎంత ప్రమాదమో 2024 మార్చిలో చూశాం. బిజినెస్ ప్రొఫైల్ నుంచి తయారయ్యే ఉచిత సైట్లను గూగుల్ ఆపేసింది. ఆ చిరునామాలను విజిటింగ్ కార్డుల మీద అచ్చువేయించుకున్నవారికి అవి పనికిరాకుండా పోయాయి.

గూగుల్ ప్రకటనలిచ్చేటప్పుడు లొకేషన్ సెట్టింగ్ ముందుగా చూడాలి. మామూలుగా అది మన ఊళ్లో ఉన్నవారితో పాటు మన ఊరి మీద ఆసక్తి చూపినవారికీ చూపిస్తుంది. గుంటూరులో ఏసీ రిపేరు చేసేవారికి బెంగళూరు క్లిక్కులతో పనేముంది? 'ప్రెజెన్స్' అన్నది ఎంచుకుంటే చాలావరకు గుంటూరులో ఉన్నవారికే కనిపిస్తుంది. నొక్కితే నేరుగా చాట్ తెరిచే వాట్సాప్ లింకులో 91 తర్వాత పదంకెల నంబర్ మాత్రమే ఉండాలి. ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ పెడితే లింకు తప్పవుతుంది. 'గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ' అనేవారికి పైసా ఇవ్వొద్దు. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అనడం కూడా దాని నిబంధనలకు విరుద్ధం. ఇక ఆఫర్ గంటలో అయిపోతుందని అబద్ధపు గడియారం తిప్పితే చట్టం దాకా వెళ్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో అదొకటి.

సంపాదకులకు ఒక విన్నపం. చిన్న వ్యాపారులకు ప్రకటన మ్యాటర్ రాసిచ్చేది చాలాచోట్ల పత్రికల ప్రకటనల విభాగాలు, వాటి ఏజెంట్లే. అదే ప్రకటన మర్నాడు వాళ్ల సైట్‌లో బొమ్మై కూర్చుంటోంది. అచ్చు కోసం మీరు ఏ ఫాంట్ వాడినా, ప్రకటన పీడీఎఫ్‌తో పాటు అందులోని పాఠాన్ని యూనికోడ్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌గా కూడా వ్యాపారికి ఇవ్వండి. రుజువులు దిద్దిన శుభ్రమైన తెలుగు అతనికి దొరుకుతుంది. సైట్‌లోనూ, బిజినెస్ ప్రొఫైల్‌లోనూ, వాట్సాప్ కేటలాగ్‌లోనూ దాన్నే పేస్ట్ చేసుకుంటాడు. మీ ప్రకటనల విభాగం మొదలుపెడితే డీటీపీ సెంటర్లను కూడా వ్యాపారులు అదే అడుగుతారు.

- ఒక వెబ్ డిజైనర్, విజయవాడ