మాల్ మెనింగా గురించి కూడా వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మన స్పోర్ట్స్ పేజీలో రగ్బీ లీగ్ (జట్టుకి పదమూడు మందితో ఆడే రగ్బీ) ఊసే ఉండట్లేదండీ, అందుకే ఈ ఉత్తరం. ఆస్ట్రేలియా ఆటగాడు మాల్ మెనింగాకి ఎడమ చెయ్యి నాలుగుసార్లు విరిగింది, అయినా ఆట వదల్లేదు, కాన్‌బెర్రా రైడర్స్‌తో 1989, 90, 94ల్లో అక్కడి క్లబ్ లీగ్ టైటిల్స్ కొట్టాడు. 1990లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గ్రేట్ బ్రిటన్‌తో ఆస్ట్రేలియా రెండో టెస్టు, స్కోరు 10-10, ఇక టైమ్ అయిపోయిందనగా సహచరుడు రికీ స్టువర్ట్ బాల్ పట్టుకుని అంత దూరం నుంచి పరిగెత్తుకొచ్చాడు, పక్కనే మెనింగా అడ్డొచ్చినవాణ్ణి తోసేసి పాస్ అందుకుని ట్రై చేసేశాడు (అంటే బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకి తాకించడం, నాలుగు పాయింట్లు), 14-10! ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది. కోచ్‌గా మొదట్లో రైడర్స్‌తో కలిసిరాలేదు గానీ 2006 నుంచి 2015 దాకా క్వీన్స్‌లాండ్‌ని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంతో ఏటా జరిగే పది ఆరిజిన్ సిరీస్‌ల్లో తొమ్మిది గెలిపించాడు, అందులో ఎనిమిది వరసగా! నాకైతే ట్రైల కన్నా ఇదే గొప్ప. తర్వాత ఆస్ట్రేలియాకి రెండు వరల్డ్ కప్‌లు కూడా. ఒక్క ఆదివారం ఆయన గురించి అర పేజీ వెయ్యండి సార్.

— మీ పాఠకుడు