హారమ్ నంబర్ల గురించి నార్వే స్థానిక పాలన మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

నార్వే పడమటి తీరాన హారమ్ మునిసిపాలిటీలోని బ్రాట్‌వోగ్ ఊళ్లో ఒక ఇల్లు ఉందనుకోండి. 2019 డిసెంబరు 31న అది 1534 నంబరు మునిసిపాలిటీలో ఉంది. మర్నాటికి 1507లోకి వెళ్లింది. 2024 జనవరి 1న 1580లో తేలింది. ఇల్లు అక్కడే ఉంది, మారినవి మునిసిపాలిటీ నంబర్లు: హారమ్, ఓలెసుండ్, మళ్లీ హారమ్. పేరు తిరిగొచ్చింది గానీ పాత నంబరు రాలేదు. అది రాకపోవడమే మంచిదని మా అభిప్రాయం. మా పేచీ మునిసిపాలిటీ నంబరునే గుర్తింపు తాళంచెవిగా పెట్టుకున్న రిజిస్టర్లతో.

గీతలు చెరిపి గీయడం ఈ తీరానికి కొత్త కాదు. 1837 చట్టం ప్రకారం మరుసటి ఏడాది చర్చి పారిష్‌లే మునిసిపాలిటీలయ్యాయి, హారమ్ అలా పుట్టింది. 1890లో రోవాల్డ్ దీవులు, 1902లో వాట్నే విడిపోయాయి. 1965లో వాట్నే తిరిగి కలిసింది, సాండొయ్ నుంచి ఫ్యోర్‌టొఫ్టా దీవి కూడా వచ్చి చేరింది. 2020లో హారమ్, సాండొయ్, స్కోడ్యే, ఓర్‌స్కోగ్ నాలుగూ ఓలెసుండ్‌లో కలిశాయి. నాలుగేళ్లకు హారమ్ ఒక్కటే బయటికొచ్చింది, దాంతో దేశంలో మునిసిపాలిటీల లెక్క 356 నుంచి 357 అయింది.

కలపడం తేలిక: 1534 ఉన్నచోటల్లా 1507 రాస్తే సరి. విడదీయడం అలా కుదరదు. రిజిస్టరులో 1507 అని రాసి ఉన్న వరుస 1580కి పోవాలా, 1508కి పోవాలా? విడిపోయిన హారమ్‌కే కాదు, మిగిలిన ఓలెసుండ్‌కూ కొత్త నంబరు వచ్చింది మరి. జవాబు మునిసిపాలిటీ నంబరులో దొరకదు, ఇంకో మెట్టు కిందికి దిగాలి. మన సర్వే నంబరు లాంటి గార్డ్ నంబరో, లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతం గ్రున్‌క్రెట్సో చూడాలి. అక్కడా ఓ తిరకాసుంది. గ్రున్‌క్రెట్స్ నంబరు 8 అంకెలది, మొదటి 4 మునిసిపాలిటీవే, కాబట్టి అదీ మారుతుంది. కలిసే మునిసిపాలిటీల్లో ఒకే గార్డ్ నంబరు రెండుచోట్ల ఉంటే ఒకదాన్ని మార్చక తప్పదు. అంటే 2018 నాటి దస్తావేజును ఇవాళ్టి పటం మీద పెట్టాలంటే 2020, 2024 మార్పులనే రెండు గడపలు దాటాలి.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఇకమీదట సరిహద్దు మార్చే ఉత్తర్వుతోపాటే గార్డ్, గ్రున్‌క్రెట్స్ స్థాయిలో పాత నంబరు, కొత్త నంబరు, అమలు తేదీ ఉన్న పట్టికను జతచేయండి. ప్రభుత్వ రిజిస్టర్లు పాత నంబరును చెరిపేయకుండా, అది ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లిందో పక్కనే ఉంచాలని నిబంధన పెట్టండి. మునిసిపాలిటీల జాబితా మార్పులను గణాంక సంస్థ చక్కగానే ప్రచురిస్తోంది, కానీ ఒకటి రెండైనప్పుడు ఆ జాబితా ఒక్కటే సరిపోదు.

సాండొయ్ సంగతి కూడా ఒకసారి చూడండి. 2022లో తెరిచిన నూర్డ్‌ఒయ్‌వేగెన్ దారి వంతెనలు, సముద్రగర్భ సొరంగాల మీదుగా పాత సాండొయ్‌లోని హారొయా దీవిని ప్రధాన భూభాగానికి కలిపింది. హారొయా ఓలెసుండ్‌లోనే ఉండిపోయింది. ఆ దారి మాత్రం ఫ్యోర్‌టొఫ్టా, ఫ్లెమ్‌సొయా, హారమ్‌సొయా, లెప్సొయా మీదుగా, అంటే హారమ్ గుండా పోతుంది. తమ నగరపాలికకు కారులో వెళ్లాలంటే హారొయా వాళ్లు పక్క మునిసిపాలిటీని ఈ చివర నుంచి ఆ చివరకు దాటాలి. తర్వాతి గీత గీసేటప్పుడు ముందు రోడ్ల పటం పరిచి చూడమనండి.

ఇట్లు,
సరిహద్దు లెక్కలతో నిత్యం పనిచేసేవాళ్లం