కొండ మీంచి సముద్రం దాకా ఒక సన్నటి మట్టి బాట

గౌరవనీయులైన పర్యాటక శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను పదకొండేళ్లుగా కొండల్లో సైకిల్ తొక్కుతున్నాను. పోటీలకు వెళ్లను. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే బయల్దేరి, కొండ ఎక్కి అవతలి వైపు దిగి, పొలాల గట్ల మీదుగా సముద్రపు ఒడ్డుకి చేరి, ఎండ ముదిరేలోగా ఇంటికి వచ్చేస్తాను. తీరం వెంబడి కొండల్లో మౌంటెన్ బైకింగ్ దారులు వేసే ఆలోచన ఉందని వినగానే చాలా సంతోషం కలిగింది. ఆ సాయంత్రానికే టెన్షన్ కూడా మొదలైంది. దారి వేద్దాం అనుకోగానే ముందు జేసీబీ వస్తుంది, తర్వాత కంకర వస్తుంది, దాని వెనకే సిమెంటు వస్తుంది. అలా వేస్తే ఇప్పుడున్న బాటలు కూడా మిగలవు.

అందుకే ఈ ఉత్తరం. కొండ మీంచి సముద్రం దాకా మీటరు వెడల్పున్న మట్టి బాట వేయించండి, దాన్ని ఏడాది పొడవునా చూసుకునే మనుషుల్ని పెట్టండి. నేను అడిగేది ఇంతే.

మీటరు చాలా అని మీ ఇంజనీర్లు తప్పకుండా అడుగుతారు. ఈ రోజుల్లో వస్తున్న మౌంటెన్ బైకు హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి 76 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. నేల మీద ఆనే టైరు ఆరు సెంటీమీటర్లు. మీటరు బాటలో సైకిల్ హాయిగా పోతుంది. బాట సన్నగా ఉంటే చెట్టు చెట్టుకీ వంపు తిరగాలి, వేరు అడ్డొస్తే బ్రేకు పట్టాలి, కాబట్టి వేగం దానంతట అదే తగ్గుతుంది. నాలుగు మీటర్లు చేస్తే కుర్రాళ్లు కళ్లు మూసుకుని దిగుతారు, మోటారు సైకిళ్లు కూడా లోపలికి వస్తాయి. పైన కొమ్మల గొడుగు పోతుంది, అంచున మట్టిని పట్టి ఉంచే గడ్డి పోతుంది. ఆ తర్వాత వాన చేయాల్సింది వాన చేస్తుంది.

వాన సంగతే కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బాట బతుకు మొత్తం దాని మీదే ఉంది. మేం తరచుగా దిగే వాలు ఒకటి ఉంది. ఎప్పుడో ఎవరో దగ్గరి దారి అని కొండ మీంచి నిటారుగా కిందికి నడిచారు, అదే బాటగా మిగిలింది. నేను మొదటిసారి దిగినప్పుడు దాని మధ్యలో చీలమండ లోతున చిన్న గాడి ఉండేది. పోయిన వానాకాలం అయ్యాక వెళ్లి, సైకిల్ పక్కన పడేసి ఆ గాడిలో నిలబడ్డాను. గట్టు నా మోకాలు దాటింది. రెండు పక్కలా చెట్ల వేర్లు బయటపడి, చివర్లు ఎండిపోయి వేలాడుతున్నాయి. అడుగున ఎర్రమట్టి అంతా కొట్టుకుపోయి గుండ్రాళ్లు తేలాయి. ఆ గాడిలో దిగలేక మనుషులూ మేకలూ సైకిళ్లూ పక్కనుంచి పోవడం మొదలుపెట్టాయి, అక్కడ రెండో గాడి పడింది. దాని పక్కన మూడోది ఇప్పుడిప్పుడే పడుతోంది. ఒక్క బాట వేసిన తీరు తప్పయితే కొండకి మూడు గాయాలయ్యాయి.

నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. వాన నీరు కొండ మీంచి ఎటు జారుతుందో అదే వరసలో బాట వేస్తే, మనం దానికి కాలువ తవ్వి ఇచ్చినట్టే. బాటలు వేసే పనిలో ఆరితేరినవాళ్లు పాటించే లెక్క ఒకటుంది. బాట ఎక్కుడు, అది పోయే కొండ వాలులో సగానికి మించకూడదు. కొండ 100 మీటర్లకి 16 మీటర్లు ఎక్కుతుంటే బాట 8 మీటర్లకి మించి ఎక్కకూడదు. మొత్తం బాట మీద సగటు ఎక్కుడు నూటికి పది దాటకుండా చూసుకుంటే చాలా రకాల నేలల్లో అది నిలుస్తుంది. బాటని కొండకి అడ్డంగా చెక్కి, బయటి అంచు నూటికి ఐదు పాళ్లు కిందికి వంచితే నీరు బాటను దాటి అవతలికి జారిపోతుంది, బాట వెంట పరుగెత్తదు. ఈ రెంటికీ తోడు కొన్ని మీటర్లకోసారి బాట కాస్త దిగి మళ్లీ ఎక్కాలి. ఆ పల్లం దగ్గర నీరు ఆగి, బయటికి తప్పుకుంటుంది. సైకిల్ తొక్కేవాడికి అది చిన్న ఉయ్యాల ఊగినట్టు ఉంటుంది, నీటికి అది తలుపు. దీనికి సిమెంటు అక్కర్లేదు. వాలు కొలిచే చిన్న పరికరం, గునపాలు, పారలు, పని తెలిసిన మనుషులు ఉంటే చాలు.

సముద్రం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఇసుక దిబ్బ మీద టైరు దిగబడుతుంది. గాలి కొంచెం తగ్గిస్తే పోతుంది గానీ, పోవాలా అన్నదే ప్రశ్న. దిబ్బను పట్టి ఉంచేది దాని మీద పాకే తీగలూ గడ్డీ. పదే పదే ఒకేచోట తొక్కితే అవి చస్తాయి. తర్వాత గాలి ఆ గండిలోంచే ఇసుకని లోపలికి తోసుకెళ్తుంది. అందుకని దిబ్బలు దాటాల్సిన చోట నేలకి కాస్త ఎత్తులో చెక్కల బాట వేయాలి, అదీ ఒక్కచోటే వేయాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డుల వైపు సైకిళ్లను అసలు వదలొద్దు. రాత్రిపూట దీపాల వెలుతురు అక్కడ పడొద్దు. ఈ మాట సైకిల్ తొక్కేవాడిగానే అంటున్నాను.

ఒడ్డు వెంట ఎత్తైన గట్ల మీద వేసే బాట గురించి ఇంకో మాట. సముద్రం గట్టుని ఏటా కొంత తింటుంది. ఇంగ్లండు తీరం చుట్టూ నడక బాట కోసం 2009లో చేసిన చట్టంలో దీనికి ముందే వీలు పెట్టుకున్నారు. గట్టు విరిగిపడితే బాట లోపలికి జరుగుతుంది, ప్రతిసారీ మొదటి నుంచి అనుమతుల కోసం తిరగక్కర్లేదు. మన పటాల్లో కూడా గీత ఒకచోట గీసేసి వదిలేయకుండా, జరిగే వీలు ఉంచండి. అంచున సిమెంటు పోసి రెయిలింగు పెడితే ఐదేళ్లకి ఆ రెయిలింగు గాలిలో వేలాడుతుంది.

ఇక నడిచేవాళ్లకి మావల్ల ఇబ్బంది కాదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఈ ఆట పుట్టిన చోటే ఆ గొడవా పుట్టింది. కాలిఫోర్నియాలో పసిఫిక్ తీరానికి దగ్గరగా ఉన్న మారిన్ కౌంటీ కొండల్లో 1976లో కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్ల మీద మట్టి దారిలో దిగే పందెం మొదలుపెట్టారు. కిందికి చేరేసరికి వెనక బ్రేకులోని గ్రీజు కాలి పొగలు వచ్చేవి, మళ్లీ గ్రీజు కూరితే తప్ప పనిచేసేది కాదు. ఆ పందేనికి 'రీప్యాక్' అన్న పేరు అలాగే వచ్చింది. సైకిళ్లు పెరిగాయి, నడిచేవాళ్లకీ గుర్రాల మీద పోయేవాళ్లకీ భయం పట్టుకుంది, చాలా బాటలు సైకిళ్లకి మూసేశారు. అప్పుడు కాలిఫోర్నియా క్లబ్బులు కొన్ని కలిసి 1988లో అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘం పెట్టుకున్నాయి. ఎలా తొక్కాలో, ఎవరికి దారి ఇవ్వాలో నియమాలు రాసుకున్నాయి, బాటలు బాగుచేయడం నేర్పాయి. పందేలతో మొదలైనవాళ్లు పారలు పట్టుకోవడం నాకు ఈ చరిత్రలో అన్నింటికన్నా ఇష్టమైన ఘట్టం.

చట్టం కూడా దీన్ని తేలిగ్గా తేల్చగలదు. ఇంగ్లండు, వేల్స్‌లలో 1968 నాటి చట్టం గుర్రపు బాటల మీద సైకిళ్లని అనుమతిస్తూనే, నడిచేవాళ్లకీ గుర్రాలకీ సైకిలే దారి ఇవ్వాలని ఒక్క వాక్యంలో చెప్పేసింది. స్కాట్లండు 2003లో ఇంకో అడుగు వేసి, బాధ్యతగా మెలిగినంతకాలం పొలాలూ కొండలూ చాలావరకు అందరికీ తెరిచింది. మన బాటల మొదట్లో కూడా ఒక బోర్డు చాలు: "నడిచేవారికే ముందు దారి." వెనక నుంచి వచ్చేవాడు గంట కొట్టి, నెమ్మదించి, అవసరమైతే దిగాలి. నేను దిగుతాను. నాతో వచ్చేవాళ్ల చేత దిగిస్తాను.

సైకిళ్లు నేలని పాడుచేస్తాయన్న వాదన మీ అటవీ అధికారుల నుంచి వస్తుంది. దాన్ని నేను కొట్టిపారేయను. బ్రేకు గట్టిగా పట్టి చక్రం ఈడ్చుకుంటూ దిగేవాడు బాటని నిజంగానే దున్నేస్తాడు. కానీ జరిగిన పరిశోధనలు కూడా వాళ్లు చూడాలని కోరుతున్నాను. అమెరికాలోని మోంటానాలో 1994లో అచ్చయిన అధ్యయనంలో, తడిపిన బాటల మీద చక్రాల కన్నా కాళ్లూ గిట్టలే ఎక్కువ మట్టిని వదులు చేశాయని తేలింది. కెనడాలోని ఒంటారియోలో 2001 నాటి ప్రయోగంలో, అడవి నేల మీద 500 సార్ల దాకా నడిపించి, అన్నేసి సార్లు సైకిల్ తొక్కించి చూస్తే రెంటికీ పెద్ద తేడా కనబడలేదు. మొత్తం మీద బాట ఎలా వేశారన్నదే పెద్ద విషయం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నట్టు, పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజులు బాట మూసేస్తే చాలా నష్టం తప్పుతుంది. పక్షులు గూళ్లు పెట్టే నెలల్లో కొన్ని ముక్కలు పూర్తిగా మూయండి. మేం చుట్టూ తిరిగి పోతాం.

ఇలాంటి బాటల వల్ల ఊళ్లకి ఏం వస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటాను. ఆస్ట్రేలియాలో టాస్మేనియా దీవిలో డెర్బీ అని ఒక చిన్న ఊరు ఉంది. తగరం గనులు మూతపడ్డాక ఖాళీ అవుతూ వచ్చిన ఊరు. 2015లో అక్కడ అడవిలో మట్టి బాటలు తెరిచారు, రెండేళ్లకే ప్రపంచస్థాయి పోటీ ఆ ఊరికి వచ్చింది. ఆ ప్రాంతంలోనే కొండ మీంచి సముద్రపు ఒడ్డు దాకా సుమారు 40 కిలోమీటర్ల బాట ఒకటి తర్వాత వేశారు. ఇటలీలో ఫినాలే లిగురే అనే ఊళ్లో కొండల్లోంచి దిగిన బాటలు నేరుగా సముద్రం దగ్గరికి వస్తాయి. 2013లో మొదలైన ఎండ్యూరో వరల్డ్ సిరీస్ అనే అంతర్జాతీయ మౌంటెన్ బైకు పోటీల తొలి ఏడాది చివరి రౌండు అక్కడే జరిగింది. ఈ ఊళ్లకి జనాన్ని రప్పించినవి మట్టి బాటలే.

చివరగా ఒక సొంత అనుభవం. మూడేళ్ల క్రితం వాలు మలుపులో మా స్నేహితుడు ఒకతను పడ్డాడు. మెడ ఎముక విరిగింది. ఫోన్ సిగ్నల్ ఉంది, అవతలివాళ్లు వెంటనే ఎత్తారు కూడా. "ఎక్కడున్నారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పెద్ద బండ దగ్గర, ఎండిన వాగు దాటాక, ఎడమవైపు వాలులో అని చెప్పాను. ఆ కొండ నిండా బండలే, ఎండిన వాగులే. వాళ్ల తప్పేమీ లేదు, మమ్మల్ని కనుక్కునేసరికి రెండు గంటలు పట్టింది. అతను నా జాకెట్టు మీద పడుకుని, నొప్పికి పళ్లు బిగించి, ఆకాశం కేసి చూస్తూ ఉండిపోయాడు. బాట పొడవునా అర కిలోమీటరుకి ఒక రాయి పాతి, దాని మీద నంబరు వేసి, ఆ నంబర్ల పటం అంబులెన్సు వాళ్లకి ఇచ్చి ఉంటే "నంబరు 14" అని చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ణి. బాట మొదట్లోనే ఆకుపచ్చ, నీలం, నలుపు గుర్తులతో అది ఎంత కష్టమో రాసి ఉంటే అతను ఆ వాలు దిగేవాడే కాదేమో. అతనికి అది రెండో నెల.

డబ్బు గురించి. దయచేసి మొత్తం ప్రారంభోత్సవానికే ఖర్చుపెట్టకండి. ప్రతి బాటకీ ఏటా మరమ్మతుల కోసం విడిగా కొంత పక్కన పెట్టండి. కొండ కింద ఊళ్లవాళ్లనే పనిలోకి తీసుకుని శిక్షణ ఇప్పించండి, ఎక్కడ ఊట వస్తుందో, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో వాళ్లకి తెలుసు. వాళ్లు తరతరాలుగా నడిచే డొంకల్ని లాక్కున్నట్టు కాకుండా, ముందుగా వాళ్లని కూర్చోబెట్టి అడిగి గీత గీయండి. తొలకరికి ముందు పారతో ఒక పూట పని చేస్తే ఆగే గాడిని మూడేళ్లు వదిలేస్తే లారీల కొద్దీ రాళ్లు పోసినా పూడదు. గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. మా వంతుగా నెలకో ఆదివారం సైకిళ్లు ఇంట్లో పెట్టి పారలు పట్టుకుని వస్తాం. పదిహేను మందిమి ఇప్పటికే సిద్ధంగా ఉన్నాం.

టెండర్లు పిలిచేముందు ఒక్కసారి మీరు మాతో రండి. సైకిల్ తొక్కక్కర్లేదు, నడుద్దాం. జోరుగా వాన పడి వెలిసిన మర్నాటి ఉదయం అయితే మంచిది, నీరు ఎటు పోయిందో నేల మీద ఇంకా గీతలు ఉంటాయి. నేను నిలబడ్డ ఆ మోకాలి లోతు గాడి దగ్గర మొదలుపెట్టి, బాట ఎక్కడెక్కడ మళ్లాలో చూపిస్తాను. మీ ఇంజనీర్లని కూడా తీసుకురండి.

ఇట్లు,
భవదీయుడు,
కొండల్లో సైకిల్ తొక్కే ఒక పౌరుడు