ముప్పై గురివింద గింజల ఎత్తు

రాపిడ్ సిటీ, సౌత్ డకోటా
సెప్టెంబరు 14

మామయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లల కబుర్లు అమ్మ ఎలాగూ చెప్పే ఉంటుంది. నేను రాసేది అమ్మ దగ్గర ఎత్తలేని సంగతి. ఈ కాగితం మీ బీరువాలోనే ఉంచండి.

పోయిన నెల ఫోన్లో .223 అనే సన్న తూటా రైఫిల్ కొన్నానంటే మీరు నవ్వారు. "అది మన సైనికుల ఇన్సాస్ తూటాకి తమ్ముడే కదరా, దాంతో 400 గజాల అవతల ఉడుతను కొడతావా?" అన్నారు. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పోలీసు ఆర్మరీలో ఏళ్ల తరబడి .303 రైఫిళ్లు విప్పి బిగించిన మనిషికి అరకొరగా చెప్పి ఊరుకోవడం నాకే నచ్చలేదు.

మీరు ఉడుత అన్నదాన్ని ఇక్కడ ప్రెయిరీ డాగ్ అంటారు. పేరులో కుక్క ఉంది గానీ నిజంగా ఉడుత జాతే. కిలోకి అటూ ఇటూ ఉంటుంది. బొరియలు తవ్వి మైదానం నిండా ఊళ్లే కట్టుకుంటాయి. పశువుల గడ్డి తినేస్తున్నాయని రాంచ్ వాళ్లకు వీటి మీద కోపం. అందుకే అడిగితే వాళ్ల నేలలోకి రానిస్తారు. బొరియ గట్టు మీద వెనక కాళ్లపై నిలబడినా ఇంచుమించు అడుగు ఎత్తే, వెడల్పు మూడు నాలుగు అంగుళాలు. మనిషి అలికిడైతే ఒకటి కీచుమంటుంది, చుట్టుపక్కలవన్నీ లోపలికి దూరిపోతాయి. దూరం నుంచి కొట్టడం గొప్ప కోసం కాదు, దగ్గరికి రానివ్వవు గనక.

దూరం అనగానే మీకు తూటా కిందికి దిగడం గుర్తొస్తుంది. నేనూ మొదట దాని గురించే టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే ఆ లెక్క సులువు. 200 గజాలకు గురి సరిచేసిన .223లో 55 గ్రెయిన్ల (తూటా బరువుల కొలత అది) బుల్లెట్ 400 గజాల దగ్గర దాదాపు 21 అంగుళాలు దిగుతుంది. రేపు కొట్టినా ఇంచుమించు అంతే దిగుతుంది. లేజర్‌తో దూరం కొలిచి, స్కోపు (గురి చూసే దుర్బిణి) మీద డయల్ తిప్పుకుంటే సరిపోతుంది. గాలి అలా కాదు. గంటకు 10 మైళ్ల గాలి పక్క నుంచి వీస్తే అదే బుల్లెట్ 400 గజాలకు 20 అంగుళాలు పక్కకి పోతుంది. కొట్టాల్సిందేమో నాలుగంగుళాలు. పైగా ఈ మైదానంలో గాలి నా దగ్గర ఒకలా, వాగు దగ్గర ఇంకోలా ఉంటుంది, దానికి డయల్ ఎక్కడుంది?

మీ .303 తూటాలో బుల్లెట్ 174 గ్రెయిన్లు, సెకనుకు 2,440 అడుగులు. నాది 55 గ్రెయిన్లే, 3,240 అడుగులు. 55 గ్రెయిన్లంటే మూడున్నర గ్రాములు. కంసాలి త్రాసులో వేస్తే ముప్పై గురివింద గింజల ఎత్తు తూగుతుంది. ఇంత తేలికదాన్ని గాలి లాగేస్తుంది కదా, ఇంకా వేగంగా తోస్తే పోలా అని అందరికీ వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. 40 గ్రెయిన్ల బుల్లెట్‌ను 3,800 అడుగుల దాకా తోయవచ్చు. లెక్క కడితే అది 400 గజాలకు 22 అంగుళాల పైనే పక్కకి పోతోంది! బయల్దేరేటప్పటి ఊపంతా దారిలోనే పోగొట్టుకుంటుంది. అదే 75 గ్రెయిన్ల పొడవాటి, సూదిమొన బుల్లెట్ 2,800 అడుగులతో నింపాదిగా బయల్దేరి 13 అంగుళాలే జరుగుతుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన రాసుకున్న రోజే నాకు విషయం బోధపడింది.

బోధపడ్డాక చేసిన తెలివితక్కువ పని కూడా చెబుతాను. మా ఆఫీసులో ఒకాయన దగ్గర పాత .223 ఉంది. నాది కొనకముందు ఓ శనివారం అది అడిగి తీసుకుని, 75 గ్రెయిన్ల తూటాలు ఒక పెట్టె కొనుక్కుని రేంజికి వెళ్లాను. 100 గజాల దగ్గర కాగితం పెట్టి అయిదు కొట్టాను. రెండు అసలు కాగితానికే తగల్లేదు. మిగిలిన మూడింట్లో ఒక్కటీ గుండ్రంగా లేదు. బుల్లెట్ అడ్డంగా పడుకుని దూరినట్టు బారుగా చిరుగులు. ఒకదానికైతే మొన ఎటుందో, వెనక ఎటుందో కూడా తెలుస్తోంది. స్కోపు వదులైందేమోనని స్క్రూలన్నీ బిగించి మరో మూడు వృథా చేశాను. చివరికి ఆయనకు ఫోన్ చేస్తే నవ్వి, "బ్యారెల్ ట్విస్ట్ ఎంతో చూశావా?" అన్నాడు. చూస్తే బ్యారెల్ లోపలి గాడులు తిరిగేది 12 అంగుళాలకు ఒక చుట్టు.

మీ .303 గాడులు ఎడమకు తిరుగుతూ 10 అంగుళాలకు ఒక చుట్టు వేస్తాయని నా చిన్నప్పుడు మీరే చూపించారు. బ్యారెల్‌ని దీపం వైపు పెట్టి చూడమన్నారు. దాని అర్థం నాకు ఇన్నేళ్లకు తెలిసింది. పొడవాటి బొంగరం నిలబడాలంటే పొట్టి బొంగరం కన్నా గట్టిగా తిరగాలి. 12 అంగుళాల ట్విస్ట్ 55 గ్రెయిన్ల పొట్టి బుల్లెట్‌కు చాలు, 75 దాంట్లో పల్టీలు కొడుతుంది. దానికి 8 అంగుళాలకో చుట్టు కావాలి. అలాగని అతిగా తిప్పినా కుదరదు. 8 అంగుళాల ట్విస్ట్‌లో 3,240 అడుగుల వేగమంటే నిమిషానికి 2,91,600 చుట్లు. పైతొడుగు బాగా పల్చగా ఉన్న రకాలు కొన్ని ఆ తిప్పుడుకి గాలిలోనే విచ్చిపోతాయట.

ఇంకా వేగంగా కొట్టే .22-250 రకం చూడలేదా అని మీరు అడుగుతారు. చూశాను. 55 గ్రెయిన్లను 3,680 అడుగులతో తోస్తుంది, బల్లపరుపుగా పోతుంది. కానీ తుపాకీ మందు ఎక్కువ తింటుంది. .223కి 25, 26 గ్రెయిన్ల మందు చాలు, దానికి 35 దాటాలి. ఇక్కడ ఒక పూటలో వంద కొట్టేవాళ్లుంటారు. బ్యారెల్ కాలిపోతుంది, దాన్ని చల్లార్చడానికే సగం పొద్దు పోతుంది. పైగా షాపులో దొరికే .22-250ల్లో చాలావాటికి ట్విస్ట్ 14, 12 అంగుళాలే, అంటే మళ్లీ తేలిక బుల్లెట్లే. 2004లో వచ్చిన .204 రూగర్ సరదా తుపాకీ. పేలినప్పుడు భుజానికి తన్నుడే ఉండదు, తగిలింది లేనిది స్కోపులోనే కనిపిస్తుంది. 32 గ్రెయిన్లు, 4,225 అడుగులు. గాలి లేని పొద్దుట పూట దాన్ని మించింది లేదు, కానీ గాలి లేని పొద్దుట ఈ ఊళ్లో ఎన్నిసార్లొస్తుంది గనక. గాలి ఒక్కటే చూసుకుంటే బరువైన బుల్లెట్ కొట్టే .243 అన్నిటికన్నా మేలు. అయితే తన్నుతుంది, ఆ తన్నుకు గురి కదిలి తగిలిందో లేదో కనపడదు. అందుకే 8 అంగుళాల ట్విస్ట్ ఉన్న .223 బోల్ట్ రైఫిల్ తీసుకున్నాను. పేరు చిన్నదే, మీరు నవ్వినా తప్పులేదు.

300 గజాల లోపు 53 గ్రెయిన్ల ప్లాస్టిక్ మొన బుల్లెట్ వాడుతున్నాను. అది నేలకు తగిలినా ముక్కలైపోతుంది. పోటీల్లో వాడే 75 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ అలా పగలదు, గట్టి నేల మీద ఎగిరి ఎటో పోగలదు. అవతల రాంచ్‌లో ఆవులుంటాయి. వెనక మట్టి గుట్ట ఉంటే తప్ప దాన్ని ఛాంబర్లో పెట్టను. ఈ మధ్య సీసం లేని రాగి బుల్లెట్లు కూడా తెచ్చాను, ఎందుకంటే చచ్చినవాటిని గద్దలు తింటాయి, సీసం ముక్కలు వాటి కడుపులోకి పోతాయి. రాగి సీసం కన్నా తేలిక, కాబట్టి అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే మళ్లీ ట్విస్ట్ దగ్గరికే వస్తాం!

ఎక్కడ పడితే అక్కడ కొట్టనివ్వరు లెండి. ప్రభుత్వ భూముల్లో మార్చి 1 నుంచి జూన్ 14 దాకా బంద్, అది పిల్లలు పెట్టే కాలం. కొనాటా బేసిన్ అనే చోట ఎప్పుడూ కొట్టకూడదు. అక్కడ నల్లకాళ్ల ఫెరెట్ అని ముంగిసలా ఉండే జంతువు ఉంది, ప్రెయిరీ డాగులే దాని తిండి. ఒకప్పుడు పూర్తిగా పోయిందనుకున్నది 1981లో వయోమింగ్‌లో ఓ రాంచ్ కుక్క నోట కరుచుకొస్తే మళ్లీ బయటపడింది.

పోయిన ఆదివారం 280 గజాల దగ్గర గట్టు మీద ఒకటి నిలబడి ఉంది. ఊపిరి బిగబట్టి, వేలు ట్రిగ్గర్ మీద వేశాను. అది తల పూర్తిగా వెనక్కి తిప్పి నన్ను చూసింది. గుండ్రటి పసుపు కళ్లు. ఉడుత కాదు, ఆ బొరియల్లోనే కాపురం ఉండే గూబ. బోల్ట్ తీసి పక్కన పెట్టి, ఆ పూటకి ఇంటికొచ్చేశాను.

బారుగా చిరిగిన ఆ కాగితం ముక్క ఇందులో మడిచి పెడుతున్నాను. మీ సర్వీసులో ఏ అరిగిపోయిన .303 అయినా ఇలా కొట్టిందా, రాయండి. అత్తయ్యకు నా నమస్కారాలు చెప్పండి.

మీ మేనల్లుడు