మంత్రి గారూ, మట్టి ముట్టకుండా మట్టిపని ఎలా నేర్పమంటారు?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రాయింగ్ టీచర్‌ని. రెండేళ్లలో మీ శాఖకు నాలుగు అర్జీలు పెట్టాను. నాలుగు రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి, జవాబు మాత్రం ఒక్కటీ రాలేదు. ఒకదాని మీద ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని ముద్ర వేసి ఇచ్చారు. ఎవరికి పంపారో ఈ రోజుకీ తెలియదు. అందుకే ఇది అందరూ చదివేలా రాస్తున్నాను.

జీతం పెంచమనో, బదిలీ చేయమనో అడగడం లేదు. మాకు పని నేర్పించండి అంటున్నాను.

42 రోజుల వేసవి టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేను కూర్చున్న హాల్లో అది ఎలా జరిగిందో మాత్రం వినండి. పొద్దున సైకాలజీ నోట్సు, మధ్యాహ్నం బోధన పద్ధతుల నోట్సు. మట్టిపని వంతు వచ్చిన రోజు బోర్డు మీద కుండ బొమ్మ గీసి, పక్కన భాగాల పేర్లు రాశారు. మేం దాన్ని రికార్డులో దించుకుని, షేడింగ్ వేసి, సంతకం పెట్టించుకున్నాం. ఇంకో రోజు లినో కటింగ్, అంటే లినోలియం ముక్క మీద ఉలితో బొమ్మ చెక్కి అచ్చు వేయడం. హాలు మొత్తానికీ లినో ముక్క ఒకటే. అది చేతులు మారుతూ మా వరస దాకా వచ్చేసరికి గంట కొట్టేశారు. ఉలి నా చేతికి రానే లేదు, రికార్డుకు మాత్రం మంచి మార్కులు పడ్డాయి. మాకు చెప్పిన మాస్టారి తప్పేమీ లేదు. పోస్టర్ కలర్స్ కూడా పాపం ఆయనే సొంత డబ్బుతో కొనుక్కొచ్చారు.

ఆ సర్టిఫికెట్‌తోనే బడికి వచ్చాను. రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి చెరువుమట్టి తెచ్చి ఏనుగును చేసింది. ఎత్తిన తొండం, ముందుకు వేసిన ఒక కాలు, కాలికి గోళ్లు కూడా పెట్టింది. మూడో రోజుకి తొండం ఊడిపోయింది. ‘ఎందుకు ఊడింది టీచర్?’ అని రెండు ముక్కలూ నా బల్ల మీద పెట్టింది. నాకు తెలియదు. గమ్ పెట్టి అతికించాను, మళ్లీ ఊడింది. ఆ తర్వాత ఆ పిల్ల మట్టి తేవడం మానేసింది.

చివరికి ఊళ్లో కుండలు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ‘అతికే చోట రెండు వైపులా పుల్లతో గీకాలమ్మా. జారుగా కలిపిన మట్టి పూసి నొక్కితేనే పట్టుకుంటుంది. తొండం సన్నం కదా, ఒంటికంటే ముందే ఎండి బిగుసుకుపోతుంది, దాన్ని తడిగుడ్డతో కప్పి ఉంచాలి’ అన్నారు. పది నిమిషాల పాఠం. 42 రోజుల్లో మాకు ఆ పది నిమిషాలు దొరకలేదు.

ఉపాధ్యాయ విద్యను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో దృశ్యకళల బోధనకు డిప్లొమా ఉంది, రెండేళ్ల కోర్సు. రెండేళ్లు పట్టే చదువని ఒప్పుకున్నాక మా సంగతి ఆలోచించాలి కదా! ఉద్యోగంలో చేరాకైనా నేర్పుతారా అంటే అదీ లేదు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో లెక్కలవాళ్లు ఒక గదికి, సైన్సు వాళ్లు ఒక గదికి వెళ్తారు. నన్ను ఎప్పుడూ సోషల్ వాళ్లతో కూర్చోమంటారు. సాయంత్రం సంతకం పెట్టి వస్తాను.

డిజైన్ కూడా నేర్పమంటున్నారు. మా పిల్లలు గుడ్డసంచులు కుట్టారు, పుస్తకాలు పెట్టగానే పట్టీలు తెగిపోయాయి. ఎంత బరువు మోయాలి, ఎవరు మోస్తారు, పట్టీని ఎక్కడ రెండు కుట్లు వేసి బిగించాలి అని కుట్టకముందే అడిగించాలని నాకు తర్వాత తట్టింది. శిక్షణలో డిజైన్ పేరుతో మాతో లతల బోర్డరు గీయించారు, అంతే.

2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గర, కుమ్మరి దగ్గర పని నేర్పించాలని ఉంది. చదివినప్పుడు ఎంత సంతోషించానో! మా బడిలో ఆ రోజుల్లో ఏం చేయించాలో తెలియక క్విజ్ పెట్టారు. డ్రాయింగ్ టీచరే లేని బడుల్లో కళల గ్రేడులు ఎవరు వేస్తున్నారో, ఏం చూసి వేస్తున్నారో ఒకసారి కనుక్కోండి సార్.

నేర్పేవాళ్లకు కరువా? ఏటికొప్పాకలో అంకుడు కర్రకు లక్క ఎక్కించేవాళ్లున్నారు, కొండపల్లిలో పొణికి కర్ర చెక్కేవాళ్లున్నారు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు. వాళ్లను పిలవండి. రిసోర్స్ పర్సన్లకిచ్చే డబ్బు, మర్యాద వాళ్లకూ ఇవ్వండి. మా చేతుల్లో మట్టి పెట్టండి, ఉలి పెట్టండి. దయచేసి ఇంకో పీపీటీ మాత్రం వద్దు.

వేసవి దాకా ఆగకుండా దసరా సెలవుల్లో ఐదు రోజులు ఇప్పించినా చాలు, సెలవు పోయిందని మేమెవరం అనుకోం. ఆ ఏనుగు చేసిన అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మొన్న మళ్లీ మట్టి తెచ్చింది. ఈసారి తొండం నిలిచింది. ‘దీన్ని కాలుద్దామా టీచర్?’ అంటోంది. కుండలు చేసే పెద్దాయన వాటిని కాల్చే ఆవం పెట్టడం మానేసి చాలా ఏళ్లయిందట. కాల్చడం నాకు రాదు. మార్చిలో పరీక్షలు రాసి ఆ పిల్ల వెళ్లిపోతుంది.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచర్