బ్యాంకు కంటే ముందు మెయిల్‌ని కాపాడుకోమని చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆన్‌లైన్ మోసం గురించి వార్త వేసినప్పుడల్లా పక్కనే బాక్సు కట్టి నాలుగు జాగ్రత్తలు వేస్తుంటారు మీరు. తెలియని లింకు నొక్కొద్దు, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పాస్‌వర్డ్ తరచూ మార్చుకోండి, యాంటీవైరస్ వేసుకోండి. మొదటి రెండిటితో నాకు పేచీ లేదు. మూడోది ఎప్పుడో పాతబడిపోయిన సలహా, నాలుగోది సగం మాటే. అవెలా ఉన్నా, ఇంట్లో కంప్యూటరో ఫోనో వాడే మామూలు మనిషి అన్నిటికంటే ముందు కాపాడుకోవాల్సింది తన ఈమెయిల్ ఖాతా అన్న సంగతి ఆ బాక్సుల్లో ఎక్కడా కనపడదు. నా ఫిర్యాదు దాని గురించే.

ఏ సైట్‌లో అయినా పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం చేస్తాం? 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కుతాం, కొత్తది పెట్టుకోవడానికి లింకు మెయిల్‌కి వస్తుంది. ఆ లింకు నొక్కింది మనమా ఇంకొకడా అన్నది ఆ సైట్‌కి తెలియదు, మెయిల్ తెరవగలిగినవాడే యజమాని అనుకుంటుంది. అంటే మీ మెయిల్‌లోకి దూరినవాడికి మీ ఫేస్‌బుక్‌కి, షాపింగ్ ఖాతాలకి, క్లౌడ్‌లో దాచుకున్న ఫోటోలకి విడివిడిగా పాస్‌వర్డ్‌లు అక్కర్లేదు, కూర్చుని ఒక్కోటీ రీసెట్ కొట్టుకుంటూ పోతే చాలు. తాళాల గుత్తి మొత్తం ఆ ఒక్క కొక్కేనికే వేలాడుతోంది. పైగా ఎప్పుడో ఎవరికో పంపిన గుర్తింపు కార్డు స్కాన్లు, సంతకాలు, స్టేట్‌మెంట్లు అన్నీ 'సెంట్' ఫోల్డర్‌లో భద్రంగా పడుంటాయి, వాడు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు.

తెలిసినవాళ్ల కంప్యూటర్లు, ఫోన్లు సరిచేసే పని నాకు తరచూ తగులుతుంటుంది (డబ్బులు తీసుకోను, అందుకే ఎక్కువ తగులుతుందేమో). మీ మెయిల్ పాస్‌వర్డ్ కొట్టండి అనగానే చాలామంది "మెయిలా? నేనసలు వాడనండీ" అంటారు. ఉత్తరాలు రాయడానికి వాడకపోవచ్చు, కానీ ఫోన్ మొత్తం దాని మీదే నడుస్తోంది. ఫోన్ కొన్నరోజు ఎవరో ఖాతా తెరిచి చేతికిచ్చారు, పాస్‌వర్డ్ ఏం పెట్టారో తెలియదు, రికవరీ కోసం ఇచ్చిన నంబరు ఎప్పుడో వదిలేశారు. వదిలేసిన నంబర్లను ఫోన్ కంపెనీలు కొన్నాళ్లాగి వేరేవాళ్లకు ఇచ్చేస్తాయి కాబట్టి రేపు రికవరీ కోడ్ ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. ఖాతా సెక్యూరిటీ పేజీ తెరిచి రికవరీ నంబరు, రికవరీ మెయిల్ ఇప్పటివేనా అని చూసుకోవడానికి పెద్దగా టైమ్ పట్టదు, అది ఏ యాంటీవైరస్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

దొంగ మన పాస్‌వర్డ్‌ని ఊహించి కనిపెడతాడని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు, అది వాడి దగ్గర ముందే ఉంటుంది. యాహూలో 2013లో జరిగిన చోరీని కంపెనీ 2016లో బయటపెట్టింది, అప్పుడు 100 కోట్ల ఖాతాలు అంది, 2017కి వచ్చేసరికి మొత్తం 300 కోట్లూ పోయాయని ఒప్పుకుంది. లింక్డ్‌ఇన్‌లో 2012లో పోయినవి 65 లక్షల పాస్‌వర్డ్‌లే అనుకున్నారు, నాలుగేళ్ల తర్వాత 11.7 కోట్లు అమ్మకానికి వచ్చాయి. ఇలా ఎక్కడో దొరికిన మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్ జతల్ని ప్రోగ్రాముకి ఇచ్చి మిగతా సైట్లన్నిట్లో వరసగా కొట్టి చూస్తారు. మీరు పేరు కూడా మర్చిపోయిన ఏదో ఒక చిన్న సైట్‌లో పెట్టిన పాస్‌వర్డే మెయిల్‌కి కూడా పెట్టుంటే, పోయింది ఆ చిన్న సైటే అయినా తెరుచుకునేది మీ మెయిల్. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ పోన్డ్' సైట్‌లో మన మెయిల్ అడ్రస్ కొడితే అది ఏయే చోరీల్లో బయటపడిందో చూపిస్తుంది, ఉచితం. అందులో తమ అడ్రస్ చూసుకుని టెన్షన్ పడేవాళ్లు చాలామందే. టెన్షన్ పడాల్సింది అక్కడ అడ్రస్ కనపడినందుకు కాదు, అదే పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడెక్కడ వాడుతున్నారన్నదానికి.

పాస్‌వర్డ్ తరచూ మార్చమని మీరు రాయడం దగ్గరికి వద్దాం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000ల మొదట్లో ఇచ్చిన సూచనల నుంచి ప్రపంచమంతా పాకిన ఆచారం ఇది: పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, కొన్నాళ్లకోసారి మార్చాలి. అది రాసిన బిల్ బర్ర్ 2017లో, తాను రాసినదాంట్లో చాలా భాగానికి చింతిస్తున్నానని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికకే చెప్పారు, నిస్ట్ కూడా అదే ఏడాది గడువు పెట్టి మార్పించడం, గుర్తులు పెట్టమని బలవంతం చేయడం వద్దని కొత్త సూచనలిచ్చింది. కారణం అందరికీ తెలిసిందే, మార్చమంటే మనుషులు చివర ఉన్న 1ని 2 చేస్తారు. లీకైందని తెలిసినప్పుడు, అనుమానం వచ్చినప్పుడు మార్చాలి, లేకపోతే పొడుగ్గా పెట్టి వదిలేయాలి. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పెడితే గుర్తూ ఉంటుంది, బలంగానూ ఉంటుంది. మెయిల్‌కి పెట్టింది ఇంకెక్కడా పెట్టకూడదు, అంతే. మిగతావన్నీ పాస్‌వర్డ్‌లను గుర్తుపెట్టుకునే యాప్‌కి, అంటే పాస్‌వర్డ్ మేనేజర్‌కి, వదిలేయొచ్చు, అది చేతకాదనుకునేవాళ్లు నోట్‌బుక్‌లో రాసుకుని బీరువాలో పెట్టుకోవచ్చు. కాగితం మీద రాయడం నేరమన్నట్టు చెప్తుంటారు కానీ ఎక్కడో కూర్చుని కొల్లగొట్టేవాడికి మీ బీరువాలో నోట్‌బుక్ కనపడదు. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కంటే నోట్‌బుక్ వందరెట్లు నయం.

దీని మీద రెండంచెల లాగిన్ కూడా, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడిగేది, పెట్టుకోవాలి. ఎస్ఎంఎస్‌లో కోడ్ వచ్చే పద్ధతి ఏమీ లేనిదానికంటే మేలే, కానీ మీ నంబరు మీద ఇంకొకడు సిమ్ తీసేసుకుంటే కోడ్‌లన్నీ వాడికే వెళ్తాయి. ఫోన్‌లోనే ముప్పై సెకన్లకోసారి కోడ్ మార్చే ఆథెంటికేటర్ యాప్‌కి ఆ ఇబ్బంది లేదు. అయితే దొంగ పేజీలో మీరే ఆ కోడ్ కూడా కొట్టేస్తే వాడు ఆ ముప్పై సెకన్లలోనే అసలు సైట్‌లో వాడేసుకుంటాడు. పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాగి ఉండే డిజిటల్ తాళంచెవి, ఇంకా గట్టిది, అది అసలు సైట్ అడ్రస్‌తోనే ముడిపడి ఉంటుంది కాబట్టి అచ్చుగుద్దినట్టున్న నకిలీ పేజీలో అసలు పనిచేయదు. ఏది పెట్టుకున్నా బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ప్రింటు తీసి దాచుకోమని కూడా రాయండి, ఫోన్ పోయిన రోజు సొంత మెయిల్ బయటే నిలబడిపోయినవాళ్లను చూశాను.

ఇక ఎక్కువమందికి తెలియని సంగతి, మీరు నిజంగా పెద్దక్షరాల్లో వేయాల్సింది ఇది. మెయిల్‌లోకి ఎవరో దూరారని తెలియగానే అందరూ పాస్‌వర్డ్ మార్చేసి హమ్మయ్య అనుకుంటారు. దూరినవాడు మాత్రం లోపలున్న కాసేపట్లోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, వచ్చే ప్రతి మెయిల్ కాపీ తన అడ్రస్‌కి పోయేలా ఫార్వర్డింగ్ పెట్టేసి ఉంటాడు. లేదా ఫలానా బ్యాంకు పేరున్న మెయిల్ రాగానే చదివినట్టు గుర్తుపెట్టి ట్రాష్‌లో పడేయమని ఒక ఫిల్టర్ రాసి ఉంటాడు. పాస్‌వర్డ్ మార్చినా ఫార్వర్డింగ్ పోదు, ఫిల్టరూ పోదు. మీకు హెచ్చరిక మెయిళ్లు వస్తూనే ఉంటాయి, మీ కంటికి మాత్రం కనపడవు. జీమెయిల్ అయితే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి సెట్టింగ్స్‌లో 'ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్', దాని పక్కనే ఉన్న 'ఫార్వర్డింగ్' చూడాలి. అవుట్‌లుక్‌లో 'రూల్స్', 'ఫార్వర్డింగ్' చూడాలి. తర్వాత సెక్యూరిటీ పేజీలో ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూసి తెలియనివి తీసేయాలి, రికవరీ నంబరు మార్చేశాడేమో చూడాలి, ఖాతాకి అనుమతి పొందిన బయటి యాప్‌ల లిస్టు చూడాలి, యాప్ పాస్‌వర్డ్‌లేవైనా (పాత ప్రోగ్రాముల కోసం విడిగా ఇచ్చే పాస్‌వర్డ్‌లు) ఉంటే రద్దు చేయాలి. ఇంత చేస్తేనే వాడు బయటికి పోయినట్టు.

కంప్యూటర్‌లో అవుట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటి ప్రోగ్రాముల్లో మెయిల్ పెట్టుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల గోడు ఎవరికీ పట్టదు. ఐమ్యాప్ అనే పద్ధతి పెడితే మెయిల్ ఆ కంపెనీ సర్వర్‌లోనే ఉండి అన్ని పరికరాల్లో ఒకేలా కనపడుతుంది. పాత పాప్ పద్ధతిలో చాలాసార్లు మెయిల్ కంప్యూటర్‌లోకి దిగి సర్వర్‌లో చెరిగిపోతుంది, ఆ డిస్కు చచ్చిపోతే ఏళ్లనాటి మెయిళ్లన్నీ దానితోపాటే. ప్రోగ్రాము సెట్టింగ్స్‌లో పోర్టు అని అడిగే అంకె ఐమ్యాప్‌కి 993, పంపడానికి 465 గానీ 587 గానీ. ఎన్‌క్రిప్షన్ (దారిలో ఎవరూ చదవకుండా చేసేది) 'నన్' అని ఉంటే మాత్రం మార్చేయాలి. ఇంకో చిక్కు ఏంటంటే, గూగుల్ 2022 మే చివర్లో, మైక్రోసాఫ్ట్ తన ఉచిత మెయిల్‌కి 2024 సెప్టెంబరులో, పాత ప్రోగ్రాములు మామూలు పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతిని ఆపేశాయి. మంచిపనే. కానీ తెర మీద వచ్చేది 'పాస్‌వర్డ్ తప్పు' అనే మాట ఒక్కటే కాబట్టి మనిషి సరైన పాస్‌వర్డే మళ్లీ మళ్లీ కొట్టి, విసిగిపోయి, కస్టమర్ కేర్ నంబర్ కోసం సెర్చ్ చేస్తాడు. అక్కడ కాచుకుని ఉంటారు. ఉచిత మెయిల్ ఇచ్చే కంపెనీల పేరుతో సెర్చ్‌లో దొరికే హెల్ప్‌లైన్ నంబర్లు చాలావరకు మోసగాళ్లవే. ఫోన్ ఎత్తినవాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే యాప్ ఒకటి వేయిస్తాడు, ఆ తర్వాత మౌస్ వాడిదే. కాబట్టి 'లింకు నొక్కొద్దు'తోపాటు 'సెర్చ్‌లో దొరికిన నంబర్‌కి ఫోన్ చేయొద్దు, కంప్యూటర్‌ని ఎవరి చేతికీ ఇవ్వొద్దు' అని కూడా వేయండి.

పంపినవారి పేరు చూసి నమ్మమని ఒకప్పుడు మీరే రాశారు. మెయిల్ పంపడానికి వాడే ఎస్ఎంటీపీ 1982 నాటిది, పంపేవాడు తన అడ్రస్ నిజంగా రాశాడా లేదా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. పంపినవారి అడ్రస్ నిజమైనదేనా అని సరిచూడటానికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని తర్వాత అతుకులు వేసుకుంటూ వచ్చారు, పెద్దమొత్తంలో మెయిళ్లు పంపేవాళ్లకు గూగుల్, యాహూ వీటిని తప్పనిసరి చేసింది 2024 ఫిబ్రవరిలో మాత్రమే. ఇప్పటికీ కనపడే పేరు ఎవడైనా ఏదైనా పెట్టుకోవచ్చు, ఫోన్‌లో అయితే అడ్రస్ దాచేసి పేరొక్కటే చూపిస్తారు. బ్రౌజర్‌లో తాళం బొమ్మ సంగతీ అంతే. దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దానర్థం, అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. జనం పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మే తీసేసింది. మీ బాక్సులో మాత్రం తాళం బొమ్మ చూసుకోమని ఇంకా వస్తోంది.

యాంటీవైరస్‌ది సగం మాట అన్నాను. విండోస్‌లో డిఫెండర్ ఉచితంగానే ఉంది, ఇంటి వాడకానికి సరిపోతుంది. అసలు రక్షణ అప్‌డేట్లలో ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనే, ఫైళ్లను బందీ చేసి డబ్బడిగే వైరస్ 150 దేశాల దాకా పాకింది కదా, అది దూరిన కంతను మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది, వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, అది వాడేవాళ్లు పొడిగింపుకి నమోదు చేసుకోవాలి లేదా పైదానికి మారాలి. అన్నట్టు విండోస్ ఇప్పటికీ ఫైలు పేరు చివరి తోకను (అది ఏ రకం ఫైలో చెప్పేది) దాచే చూపిస్తుంది. 2000లో ఐలవ్‌యూ వైరస్ ఉత్త టెక్స్ట్ ఫైలులా కనపడి మోసం చేసింది ఈ సౌకర్యం వల్లే, ఇన్నేళ్లయినా తీయలేదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ 'వ్యూ'లో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెట్టుకుంటే బిల్లు అని వచ్చిన ఫైలు పీడీఎఫ్ కాదనీ ఈఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాము, అనీ బయటపడుతుంది. బ్యాకప్ డిస్కు కాపీ అవగానే ఊడదీసి పెట్టండి, తగిలించి ఉంచితే ఫైళ్లను బందీ చేసే వైరస్ దాన్నీ వదలదు. రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి.

ఒక సంగతి మీ ఆఫీసులోనే తేలాల్సింది ఉంది. మీ పత్రిక వెబ్‌సైట్‌లోకి అడుగుపెట్టగానే వార్త కంటే ముందు నోటిఫికేషన్లకు 'అలో' నొక్కమని అడుగుతుంది. నొక్కి నొక్కి అలవాటైనవాళ్లు ఇంకే సైట్ అడిగినా అదే చేస్తారు. కొన్నాళ్లకు తెర మూలన 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, వెంటనే ఇక్కడ నొక్కండి' అని రావడం మొదలవుతుంది. వాళ్లు నన్ను పిలుస్తారు, వెళ్లి చూస్తే అక్కడ వైరస్ ఉండదు, ఎప్పుడో నొక్కిన 'అలో' ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో 'నోటిఫికేషన్స్' తెరిచి ఆ లిస్టులో అక్కర్లేని సైట్లు తీసేస్తే అయిపోతుంది. మీ సైట్ పేరు కూడా అందులో చాలాసార్లు కనపడుతుంటుంది, దాన్నీ తీసేస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ పాఠకుడు